అరచేతిలో వైకుంఠం: ఇపోలో ఒక చవక జేబు కంప్యూటరు కథ

మా ఇంట్లో టీవీ కింద ఉన్న సొరుగులో, పాత గడియారాలు, కరెంటు బిల్లులు, చెల్లని చాబీల మధ్య ఒక చిన్న యంత్రం ఉంది. అరచేతికి సరిగ్గా సరిపోతుంది. ముందు వైపు బూడిదరంగు తెర, దాని కింద నాలుగు బొత్తాలు, పక్కన గడ్డిపుల్లలాంటి ఒక పుల్ల. మా మనవడు మొన్న సెలవలకి వచ్చినప్పుడు దాన్ని బయటికి తీసి, "తాతా, ఇది ఫోనా? సిమ్ము ఎక్కడ పెడతారు?" అని అడిగాడు. ఫోను కాదురా, కంప్యూటరు అన్నాను. వాడు నవ్వాడు. 2003 లో దాన్ని కొని ఇంటికి తెచ్చినప్పుడు మా ఆవిడ కూడా ఇలాగే నవ్వింది. "అరచేతిలో వైకుంఠం చూపిస్తారుట, చూడండి" అంది.

ఆమె అన్నమాట నిజమే. ఇరవయ్యో శతాబ్దం చివర నుంచి ఇరవై ఒకటో శతాబ్దం మొదటి పదేళ్ళ దాకా, చవక జేబు కంప్యూటర్లు మనకి చూపించినది అక్షరాలా అరచేతిలో వైకుంఠమే. ఆ కథలో కొంత అమెరికాలో, కొంత బెంగుళూరులో, కొంత నల్లగొండలో, మెదకులో జరిగింది. ఒక చిన్న ముక్క ఇక్కడ, ఇపోలో, మా ఇంట్లో జరిగింది. అదే చివరికి చెప్పాలని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ముందుగా నాకు ఆ యంత్రం ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకి ఈ సంగతి చెప్పనక్కరలేదు కాని, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న చదువరులకి చెప్పాలి. మా గుర్తింపు కార్డుల్లో ఇంటిపేర్లు ఉండవు. "అప్పారావు ఏ/ఎల్ సింహాచలం" అని ఉంటుంది. 'ఏ/ఎల్' అంటే మలయ్ భాషలో 'అనాక్ లెలాకి', ఫలానావారి కొడుకు అని. ఆడపిల్లలయితే 'ఏ/పీ'. మా తాతలు విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి కంగాణీల వెంట ఓడెక్కి వచ్చినప్పుడు గొర్లెవారు, గేదెలవారు, తాడివారు, పైలవారు. రెండు తరాలు తిరిగేసరికి కాగితాల మీద అందరూ ఒట్టి ఏ/ఎల్ లే. భారత ప్రభుత్వం 1938 లో తోట కూలీల వలసని ఆపేశాక కొత్తగా వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు. ఇంక ఇంటిపేర్లు మిగిలింది ముసలివాళ్ళ నోళ్ళల్లోనే.

నోళ్ళల్లో ఉంటే పోనీలెద్దురూ అనడానికి లేదు. పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి మొదట అడిగేది అదే. ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నదమ్ముల వరస. ఇక్కడి తెలుగు సమాజం చిన్నది. మా తల్లిదండ్రుల ఊరు బాగన్ దాతో (ఇప్పుడు బాగన్ దాతుక్ అంటున్నారు). ఇపోకి నైరుతిగా, తెలుక్ ఇంతాన్ దాటాక సముద్రం వైపు వెళ్ళాలి. చుట్టూ కొబ్బరి తోటలు. అక్కడ తెలుగు కుటుంబాలు ఎంత దగ్గరదగ్గరగా ఉండేవంటే, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడానికి ప్రతి తోటలోనూ ఒక ముసలమ్మ ఉండేది. ఆవిడే మా గ్రంథాలయం. 1955 లో పుట్టిన మలయా ఆంధ్ర సంఘం బడులూ, పండగలూ, భాషా చూసుకుంది. 1981 లో కౌలాలంపూరులో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కూడా జరిగాయి. కాని ఇంటిపేర్ల పట్టిక మాత్రం ఎవరి దగ్గరా ఉన్నట్టు నాకు కనిపించలేదు. ఉద్యోగ విరమణ దగ్గరపడుతున్న బడి పంతులుని కదా, ఆ పని నేను చేద్దాం అనుకున్నాను.

తోటలకి వెళ్ళి, అరుగుల మీద కూర్చుని, ముసలివాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఎక్కించుకోవాలి. తరువాత వరసలు వెతుక్కోవాలి. దానికి నోటు పుస్తకం చాలదు, ఇంటిదగ్గరి పెద్ద కంప్యూటరు మోసుకెళ్ళలేం. జేబులో పట్టే కంప్యూటరు కావాలి. బడి పంతులు జీతంలో రావాలి.

జేబు కంప్యూటరు అన్నమాట అప్పటికే పాతబడింది. 1980 లో షార్ప్ కంపెనీ పీసీ-1211 అని ఒకటి తెచ్చింది. అమెరికాలో దాన్నే రేడియో షాక్ వాళ్ళు టీఆర్‌ఎస్-80 పాకెట్ కంప్యూటరు అన్న పేరుతో అమ్మారు. ఒక్క వరుసలో 24 అక్షరాలు చూపించే తెర, రెండు కిలోబైట్లు కూడా నిండని జ్ఞాపకం, బేసిక్ భాషలో ప్రోగ్రాం రాసుకునే వీలు. లెక్కల మాష్టార్లకి, ఇంజనీర్లకి అది ముద్దొచ్చే వస్తువు. పేర్లు రాసుకోవడానికి పనికిరాదు. 1993 లో ఆపిల్ వాళ్ళ న్యూటన్ వచ్చింది. తెర మీద చేత్తో రాస్తే చదివేస్తుందన్నారు. చదివింది కాని ఒకటి రాస్తే మరొకటి చదివింది. పత్రికల్లో కార్టూనులు వేసి మరీ నవ్వారు. ధర 700 డాలర్లు. 1998 లో దాన్ని ఆపేశారు.

వైకుంఠం తలుపులు తెరిచినవాడు జెఫ్ హాకిన్స్. ఆయన కథ నాకు ఇష్టం. యంత్రం తయారు కాకముందే, చొక్కా జేబులో పట్టే కొలతకి ఒక చెక్క ముక్క కోయించుకుని, దాన్నే జేబులో వేసుకు తిరిగేవాడట. ఎవరైనా ఫోను నంబరు చెప్తే చెక్క తీసి, పుల్లతో దాని మీద రాస్తున్నట్టు నటించేవాడట. యంత్రం ఏం చెయ్యగలదు అన్నది కాదు, మనిషి దాన్ని రోజుకి ఎన్నిసార్లు జేబులోంచి తీస్తాడు అన్నది ఆయన ప్రశ్న. 1996 లో వచ్చిన పైలట్ 1000 ధర 299 డాలర్లు, జ్ఞాపకం 128 కిలోబైట్లు. రెండు సన్న బ్యాటరీలతో వారాల తరబడి నడిచేది. ఊయలలాంటి ఒక పీటలో నిలబెట్టి ఒక్క బొత్తం నొక్కితే, యంత్రంలో ఉన్నదంతా పెద్ద కంప్యూటరులోకి, అందులోది ఇందులోకి వచ్చేసేది. పైలట్ అన్న పేరు మాది అని కలాల కంపెనీవాళ్ళు పేచీ పెట్టడంతో అది ఒట్టి పామ్ అయింది. పామ్ అంటే అరచెయ్యే. మా ఆవిడ సామెత ముందే రాసిపెట్టి ఉంది.

చేత్తో రాసింది చదవడంలో న్యూటన్ ఎందుకు ఓడిందో, పామ్ ఎందుకు గెలిచిందో కూడా ఒక మాట చెప్పాలి. న్యూటన్ మన చేతిరాత నేర్చుకోవాలని చూసింది. పామ్ మాత్రం, నా రాత నువ్వే నేర్చుకో అంది. ఆ రాత పేరు గ్రఫీటీ. ప్రతి అక్షరమూ పుల్ల ఎత్తకుండా ఒకే గీత. ఇంగ్లీషు పెద్ద ఏ కి మధ్య అడ్డుగీత ఉండదు. గొడుగులా రాస్తే చాలు. ఓనమాలు మళ్ళీ దిద్దుకున్నట్టే. రెండు మూడు రోజుల్లో చెయ్యి తిరిగిపోతుంది. దీని మీద కూడా పేచీ వచ్చింది. ఒకే గీతతో అక్షరాలు రాయడం మా ఆలోచన అని జిరాక్స్ వాళ్ళు 1997 లో కోర్టుకెక్కారు. చివరికి 2003 లో పామ్ వాళ్ళు రాత మార్చేశారు. నేర్చుకున్నవాళ్ళంతా మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది.

ధరలు దిగడం 1999 లో మొదలైంది. పామ్ ని వదిలి బయటికి వచ్చిన హాకిన్స్ బృందమే హ్యాండ్‌స్ప్రింగ్ అని కంపెనీ పెట్టి, విజర్ ని 149 డాలర్ల నుంచి అమ్మింది. 2002 అక్టోబరులో పామ్ జైర్ వచ్చింది. 99 డాలర్లు! అప్పట్లో మన రింగిట్టు విలువని డాలరుకి 3.80 దగ్గర కట్టేసి ఉంచారు కదా. 1998 సెప్టెంబరు నుంచి 2005 జూలై దాకా ఆ లెక్క మారలేదు. కనక ధరలు పోల్చుకోవడం బహు తేలిక. 99 డాలర్లంటే 376 రింగిట్లు. మరో పక్క 2000 లో వచ్చిన కాంపాక్ ఐపాక్ 499 డాలర్లు, అంటే పందొమ్మిది వందల రింగిట్లు. ఐపాక్ కి రంగుల తెర, 206 మెగాహెర్ట్జుల ప్రాసెసరు, 32 మెగాబైట్ల జ్ఞాపకం. జైర్ కి నలుపు తెలుపు తెర, వెనక దీపం లేదు, 16 మెగాహెర్ట్జులు, 2 మెగాబైట్లు. ఏనుగుకీ ఎలకకీ పోటీ. కాని చిరునామాలూ పేర్లూ రాసుకునేవాడికి 2 మెగాబైట్లంటే వేల పేర్లు.

ఇపోలో ఇలాంటివి చూడాలంటే యిక్ ఫూంగ్ కాంప్లెక్సుకి వెళ్ళాలి. 1985 లో తగరం ధర కుప్పకూలాక కింతా లోయలో గనులు మూతపడి, కుర్రాళ్ళంతా కౌలాలంపూరుకో, సింగపూరుకో, పెనాంగ్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలకో వెళ్ళిపోయారు. ఊళ్ళో మిగిలినవాళ్ళలో కొందరు ఈ చిన్న చిన్న దుకాణాలు పెట్టుకున్నారు. నేను మూడు శనివారాలు అక్కడే తిరిగాను. ఆ తిరుగుడులో నేర్చుకున్నది ఇది: చవక యంత్రం కొనేటప్పుడు తెర ఎంత అందంగా ఉంది అని కాదు, బ్యాటరీ ఏ రకం అని అడగాలి. మార్చుకునే సన్న బ్యాటరీలయితే ఏ కిళ్ళీకొట్టులోనైనా దొరుకుతాయి. లోపలే బిగించిన బ్యాటరీ అయితే, కరెంటున్న చోటు వెతుక్కోవాలి. రెండో ప్రశ్న, కరెంటు పోతే రాసింది ఉంటుందా అని. ఈ రెండో ప్రశ్న నేను అడగలేదు.

అడిగి ఉంటే జవాబు ఇది. ఆ రోజుల్లో చవక జేబు కంప్యూటర్లలో మనం రాసినదంతా, బ్యాటరీ ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకంలో ఉండేది. పలక మీద సుద్దతో రాసినట్టు. బ్యాటరీ పూర్తిగా అయిపోతే పలక తుడిచేసినట్టే. 2004 తరువాత వచ్చిన కొన్ని మోడళ్ళలో కరెంటు లేకపోయినా చెరగని జ్ఞాపకం పెట్టారు. అప్పటిదాకా మనకి దిక్కు ఆ ఊయల పీట మాత్రమే. అందుకని తరచుగా పెద్ద కంప్యూటరులోకి దింపుకోమని యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో రాశారు కూడా. ఆ పుస్తకం నేను చదవలేదని ఒప్పుకుంటున్నాను.

నేను కొన్నది సెకండ్ హ్యాండు. ఏ కంపెనీది అన్నది ఇక్కడ అనవసరం, తప్పు దానిది కాదు. దుకాణం తౌకే మూడు వందల యాభై అన్నాడు. రెండు వందల ఎనభైకి బేరం తెగింది. కొత్త పుల్ల ఉచితం.

ఇంటికి తెచ్చాక తెలిసింది, దీనికి తెలుగు రాదని. ఇది కూడా ముందే ఆలోచించవలసినదే. యూనికోడ్ లో తెలుగుకి 1991 లోనే చోటిచ్చారు. 2001 లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ లో గౌతమి అన్న ఖతి కూడా ఉంది. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు చేసిన పోతన, వేమన ఖతులతో మేజా మీది కంప్యూటర్లలో తెలుగు అందంగానే కనిపించసాగింది. కాని జేబు యంత్రాలకి ఆ గాలి సోకలేదు. తెలుగు అక్షరం ఒక్కటి చూపించాలంటే హల్లూ, గుణింతం, ఒత్తూ కలిపి మూట కట్టాలి. 16 మెగాహెర్ట్జుల బుర్రకి ఆ పని ఎవరూ నేర్పలేదు. అంతెందుకు, 2018 ఫిబ్రవరిలో, వెయ్యి డాలర్ల ఐఫోన్లు మన 'జ్ఞా' చూసి దిమ్మతిరిగి పడిపోయాయి. ఆ అక్షరాన్ని ఒక కనిపించని గుర్తుతో కలిపి పంపితే చాలు, చదవబోయిన ఆప్ మూతపడేది. ఆపిల్ వాళ్ళు కొద్ది రోజుల్లో మరమ్మత్తు చేశారు. పదిహేనేళ్ళ ముందు నా ఎలక పిల్లని ఏమని తప్పుపట్టను?

అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను. ఇంటర్నెట్టు మొదటి రోజుల్లో తెలుగు చర్చల్లో తిరిగినవారికి ఆర్‌టీఎస్ గుర్తుండే ఉంటుంది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల మొదట్లో పుట్టిన రాత పద్ధతి. అందులో చిన్న టీ అంటే 'త', పెద్ద టీ అంటే 'ట'. చిన్న ఎల్ అంటే 'ల', పెద్ద ఎల్ అంటే 'ళ'. మా మలయ్ తెలుగువాళ్ళకి ఇది మరీ అవసరం. బడిలో మలయ్, ఇంగ్లీషు చదువుకున్న మా పిల్లలకి 'త', 'ట' ల తేడా చెవికి తెలుసు కాని చేతికి తెలియదు. అయితే నా యంత్రంలో ప్రతి పెద్ద అక్షరానికీ ముందు పుల్లతో పైకి ఒక గీత గియ్యాలి. ఎదురుగా ముసలమ్మ గడగడ చెప్పుకుపోతుంటే, ఆ గీతలు గీసే తీరిక ఎక్కడిది? మెల్లిమెల్లిగా పెద్ద అక్షరాలు మానేశాను. తరువాత దీర్ఘాలు మానేశాను. ఆ బద్ధకం ఎక్కడికి తీసుకువచ్చిందో చెప్తాను.

మధ్యలో ఒక ముఖ్యమైన కథ ఉంది. నేను ఇంగ్లీషు యంత్రంతో తంటాలు పడుతున్న రోజుల్లోనే, మన భాషలు వచ్చే జేబు కంప్యూటరు ఒకటి మన దేశంలోనే తయారవుతోంది. దాని పేరు సింప్యూటర్. సులువైనది, చవకైనది, బహుభాషలు వచ్చేది అన్న మాటలు కలిపి కట్టిన పేరు. బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థకి చెందిన విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్ అనే ఆచార్యులు, ఎన్‌కోర్ అనే కంపెనీకి చెందిన వినయ్ దేశ్‌పాండే మొదలయినవారు కలిసి ఒక ట్రస్టు పెట్టి, 2001 ఏప్రిలులో నమూనా చూపించారు. లోపల లినక్స్, ఐపాక్ లో ఉన్న జాతి ప్రాసెసరే. లక్ష్యం 9,000 రూపాయలు. చదువు రానివాళ్ళకి తెర మీది అక్షరాలని చదివి వినిపించే ధ్వని అన్న ప్రోగ్రాం. అన్నిటికంటె నాకు నచ్చినది స్మార్ట్ కార్డు. యంత్రం ఊరందరిదీ, కార్డు ఎవరిది వారిది. ఊళ్ళో ఒక యంత్రం ఉంటే, రైతు తన కార్డు పెట్టి తన లెక్క చూసుకుని, కార్డు తీసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇంటికొక కంప్యూటరు అన్న అమెరికా ఆలోచన కాదు ఇది. ఊరికొక బావి అన్న ఆలోచన.

పేరొచ్చింది, పొగడ్తలొచ్చాయి. యంత్రం దుకాణంలోకి రావడానికి మాత్రం మూడేళ్ళు పట్టింది. 2004 మార్చిలో పికోపెటా, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి అమిడా సింప్యూటర్ అమ్మకానికి పెట్టారు. చవక మోడలు 9,950 రూపాయలు, అంటే 220 డాలర్ల పైమాట. రంగుల తెర ఉన్నది దానికి రెండింతలు. చెయ్యి అటూ ఇటూ వంచితే కదలిక పసికట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఇదే ఏర్పాటు తరువాత ఫోనుల్లో వస్తే జనం వింతగా చూశారు. అమ్మకాలు మాత్రం వేల దగ్గరే ఆగిపోయాయి. ఎందుకంటే, అది మార్కెట్టులోకి వచ్చేసరికి ఊళ్ళల్లోకి వేరే యంత్రం వచ్చేసింది. 2003 చివర్లో వచ్చిన నోకియా 1100 ఫోను ప్రపంచమంతా కలిపి 25 కోట్ల దాకా అమ్ముడుపోయిందంటారు. టార్చిలైటు ఉన్న ఫోను! పల్లెటూరి మనిషికి భూమి రికార్డు చూసుకోవడం కంటె, దుబాయిలో ఉన్న కొడుకుతో మాట్లాడడం ముందు కావలసి వచ్చింది. అందులో తప్పేముంది? సింప్యూటర్ ఓడిపోయిందని పరిహసించినవాళ్ళున్నారు. నేను వాళ్ళతో కలవను. ఆ యంత్రం అడిగిన ప్రశ్న, చదువు రానివాడికి, ఇంగ్లీషు రానివాడికి కంప్యూటరు ఎలా ఉండాలన్న ప్రశ్న, సరయినది.

ఆ ప్రశ్నకి జవాబు వెతికిన ప్రయోగాలు తెలుగుదేశంలో చాలా జరిగాయి. మన సంచికల్లో వాటి గురించి ఎవరూ రాయలేదు కనక టూకీగా చెప్తాను. 2000ల మొదట్లో నల్లగొండ జిల్లాలో ఊరూరా తిరిగే ఏఎన్ఎం నర్సులు సుమారు 200 మందికి చేతి కంప్యూటర్లు ఇచ్చారు. సీఎంసీ కంపెనీ ప్రోగ్రాం రాసింది. గర్భిణుల లెక్క, టీకాల లెక్క, ఎన్నెన్నో రిజిస్టర్లలో మళ్ళీ మళ్ళీ రాసే చాకిరీ తగ్గించాలని. అదే కాలంలో మెదక్ జిల్లాలో ఎస్‌కేఎస్ అనే సూక్ష్మ ఋణ సంస్థ, మహిళా సంఘాల్లో వాయిదాల లెక్కకి స్మార్ట్ కార్డులూ చేతి కంప్యూటర్లూ పెట్టి చూసింది. ఒక విషయం బయటపడింది: సమావేశంలో డబ్బు లెక్క పెట్టడానికి పట్టే కాలం కొంచెమే. మాట్లాడుకోవడానికి పట్టేదే ఎక్కువ. లెక్క ఎంత వేగంగా చేసినా సమావేశం పెద్దగా తొందరగా ముగియలేదు. ఆ ప్రయోగాన్ని విస్తరించకుండా ఆపేశారు. నాకు ఈ ఉదంతం చదివితే సంతోషం కలుగుతుంది. మన ఆడవాళ్ళ కబుర్లని ఏ యంత్రమూ తగ్గించలేకపోయింది.

గెలిచిన ప్రయోగం తరువాత వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో ఉపాధి హామీ కూలీ, వృద్ధాప్య పింఛను ఊళ్ళోనే ఇవ్వడానికి స్మార్ట్ కార్డులు పెట్టారు. పంచేవారి చేతిలో ఒక చిన్న యంత్రం, దాని మీద కూలీ వేలిముద్ర. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో, సుమారు 1 కోటి 90 లక్షల జనాభాలో, దీన్ని పరీక్షించి 2016 లో ఫలితాలు అచ్చువేశారు. ఉపాధి హామీలో దారిలో మాయమయ్యే డబ్బు 41 శాతం తగ్గింది. కూలీ చేతికి రావడంలో ఆలస్యం 29 శాతం తగ్గింది. గమనించండి, ఇది సింప్యూటర్ వాళ్ళు చెప్పిన పద్ధతే: యంత్రం అందరిదీ, కార్డు ఎవరిది వారిది. 2011 అక్టోబరులో ఢిల్లీలో విడుదల చేసిన ఆకాశ్ పలక కూడా ఈ వంశంలోదే. ఒకటి 2,276 రూపాయలకి ప్రభుత్వం కొన్నది, మొదటి విడత హైదరాబాదులోనే కూర్చారు. పేరు ఆకాశం కాని చూపు నేల మీద లేకపోయింది. మందకొడి యంత్రం, గట్టిగా నొక్కితే కాని పలకని తెర. ఎక్కువకాలం నిలవలేదు.

ఇంక మా ఇంటి కథ.

2003 లో మొదలుపెట్టి ఏడాదిన్నర పాటు, సెలవు దొరికినప్పుడల్లా బాగన్ దాతో వైపు వెళ్ళేవాణ్ణి. ఒక మామ్మ, తొంభైకి దగ్గరపడినావిడ, నా చేతిలో యంత్రం చూసి, "ఏటి బావూ, మా వోళ్ళందర్నీ ఈ డబ్బీలో ఎట్టేత్తావేటి? ఊపిరాడద్దా?" అంది. ఆవిడ ఒక్కర్తే ఒక సాయంత్రం పదకొండు కుటుంబాల పేర్లు, ఎవరు ఏ ఊరినుంచి ఏ తోటకి వచ్చారో, ఎవరి పిల్లని ఎవరికిచ్చారో చెప్పింది. మొత్తం 63 కుటుంబాలు ఎక్కించాను. మేజా మీది కంప్యూటరు చెడిపోయి కొన్ని నెలలు మూలపడింది. ఊయల పీటకి పని లేకుండా పోయింది. ఆ తరువాత మేమిద్దరం నెలరోజులు ఇండియా వెళ్ళాం. సింహాచలం, అరసవిల్లి, మా తాతగారి ఊరు చూసుకుని వచ్చాం. తిరిగి వచ్చి సొరుగు తీస్తే యంత్రం చల్లగా ఉంది. కరెంటుకి తగిలించాను. తెర వెలిగింది. 'స్వాగతం, మీ పేరు రాయండి' అని అడిగింది, మొదటిరోజు అడిగినట్టే.

పాత కంప్యూటరు బాగు చేయిస్తే అందులో 22 కుటుంబాలు దొరికాయి. మిగిలిన 41 పోయాయి. మళ్ళీ తోటలకి వెళ్ళాను. ఈలోగా ఆ మామ్మ పోయింది. మరో ఇద్దరు పెద్దవాళ్ళు పోయారు. ఒకాయన ఉన్నాడు కాని నన్నే గుర్తుపట్టలేదు.

దొరికిన 22 కుటుంబాల్లో కూడా ఒక చిక్కు. ఒకచోట పి, ఐ, ఎల్, ఏ అని నాలుగు అక్షరాలున్నాయి. దీర్ఘాలూ ఒత్తులూ మానేసిన నా బద్ధకం ఫలితం. అది పీలావారా, పిల్లావారా? రెండూ ఉన్న ఇంటిపేర్లే. ఉత్తరాంధ్రవాళ్ళకి తెలుసు. సరిగ్గా అప్పుడే ఆ ఇంటి మనవడికీ, సితియావాన్ వైపు ఉన్న పీలావారి అమ్మాయికీ సంబంధం మాటలు జరుగుతున్నాయి. కుర్రవాడి తండ్రికి తన ఇంటిపేరు రోమను అక్షరాల్లోనే తెలుసు. "మాష్టారూ, మీ కంప్యూటరులో ఉందట కదా, మీరే చెప్పాలి" అని నా దగ్గరికి వచ్చాడు. నేనేం చెప్పను? పెళ్ళికూతురి నాయనమ్మ, ఒకే ఇంటిపేరయితే ససేమిరా వీల్లేదని కూర్చుంది.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. మా అక్కకి ఫోను చేసి నా ఏడుపు చెప్పుకున్నాను. ఆవిడ అంతా విని, "నాన్నగారు రాసిన నా పెళ్ళి పుస్తకం చూశావట్రా?" అంది.

అక్క పెళ్ళి 1962 లో జరిగింది. మా నాన్నగారు తోటలో కేరానీ, అంటే గుమస్తా. ముత్యాల్లాంటి దస్తూరీ. పెళ్ళిలో చదివింపులు ఆయనే రాశారు. పేరు చదివి, మొత్తం చదివి, పుస్తకంలో ఎక్కించడం. మళ్ళీ వాళ్ళింట్లో పెళ్ళయితే తిరిగి పెట్టాలి కదా, అందుకని ఏ పొరపాటూ ఉండకూడదు. చుట్టుపక్కల తోటల నుంచి వచ్చినవాళ్ళంతా అందులో ఉన్నారు: ఇంటిపేరు, పేరు, తోట పేరు, ఎదురుగా రెండు డాలర్లు, అయిదు డాలర్లు. అప్పట్లో ఇక్కడ డాలర్లనే అనేవాళ్ళం. బట్టల పెట్టె అడుగున, నాఫ్తలీను ఉండలతో సహా, ఆ పుస్తకాన్ని అక్క నలభై ఏళ్ళు దాచింది. నేను ఆ పెళ్ళిలో పన్నెండేళ్ళవాణ్ణి. నాన్నగారి పక్కనే కూర్చుని సిరా బుడ్డి పట్టుకున్నాను. అయినా నాకు గుర్తు రాలేదు.

మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. పుస్తకం తిరగేస్తుంటే నా 41 లో 26 కుటుంబాలు దొరికాయి. నేను ఎప్పుడూ వినని ఇంటిపేర్లు మరో పదిహేను దాకా దొరికాయి. 34 వ పేజీలో, నాన్నగారి దస్తూరీలో, లకి కింద లవొత్తు స్పష్టంగా: "పిల్లా రామునాయుడు, 5 డాలర్లు." అబ్బాయి తాతగారు. సంబంధం కుదిరింది. ఆ పెళ్ళిలో చదివింపులు నన్ను రాయమన్నారు. కాగితం మీద తెలుగులో రాశాను. సగం మంది కవర్ల మీద ఇంటిపేరు లేదు. వరసలో నిలబడ్డవాళ్ళని ఆపి ఒక్కొక్కరినీ అడిగాను. భోజనాలు ఆలస్యమయ్యాయని ఎవరో విసుక్కున్నారు.

అక్క పోయాక ఆ పుస్తకం మేనల్లుడి దగ్గరికి వెళ్ళింది. రెండేళ్ళ క్రితం దాని పేజీలన్నీ ఫోనుతో ఫొటోలు తీశాం, 112 పేజీలు. ఇప్పటి ఫోనులో తెలుగు చక్కగా వస్తుంది. నేను చదువుతుంటే మనవరాలు తెలుగు అక్షరాల్లోనే ఎక్కిస్తోంది. మూడు చోట్ల దాస్తున్నాం. మూడు పేజీల్ని చెద పురుగు సగం తినేసింది. అవి ఏ తోటవాళ్ళవో పై పేజీలనిబట్టి తెలుస్తోంది. ఆ తోటలో ఇప్పుడు ఒక్క తెలుగు ఇల్లే మిగిలిందట. వచ్చే నెల మొదటి శనివారం అక్కడికి వెళ్తున్నాం. మనవరాలు ఫోనుకి అదనపు బ్యాటరీ తెస్తానంది. నేను నోటు పుస్తకమూ, రెండు పెన్సిళ్ళూ సంచిలో పెట్టుకున్నాను.